గీతకు ఒక మీటరు ఇవతల

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరికైనా కొంత తొందర, కొంత బింకం ఉంటాయి. పైవాళ్ల మెప్పు పొందాలన్న ఆరాటమూ, ఎక్కడ పొరపాటు బయటపడుతుందోనన్న దడా రెండూ ఒకే జేబులో పెట్టుకుని తిరిగే కాలం అది. నేనూ ఆ దశ దాటి వచ్చినవాణ్ణే. అప్పుడు నా వయసు అరవై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు. మెడలో వేలాడే కార్డు మీద, నా నెరిసిన తల ఫోటో కింద, 'ట్రైనీ' అని అచ్చువేసి ఉండేది. అంతకుముందు ముప్పై రెండేళ్లు కృష్ణా కాలువల మీద నీటిమట్టాలు కొలిచి పుస్తకాల్లో ఎక్కించాను. ఆ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదన్నది నాకు ఉన్న ఏకైక ఆస్తి. పదవీ విరమణ అయ్యాక ఆ కొలిచే జబ్బు ఇంటి మీద పడింది. పాలగిన్నెలో స్కేలు ముంచి చూస్తుండగా పట్టుకున్న మా ఆవిడ, "ఏమండీ, మిమ్మల్ని ఎవరైనా మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారేమో కనుక్కోండి" అంది. అది సలహా కాదని గ్రహించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తీసుకున్నది ఐదుగురు సభ్యులున్న ఒక చిన్న సంస్థ. విమానం దిగి, నిలిచే చోటికి వచ్చేటప్పుడు సరిగ్గా ఎక్కడ ఆగాలో పైలట్‌కు చూపించే యంత్రం వాళ్లది. ఎత్తైన స్తంభం మీద ఒక రాడార్ పెట్టె, దాని కింద పెద్ద అంకెల బోర్డు ఉంటాయి. విమానం ముక్కు ఎంత దూరంలో ఉందో రాడార్ చూస్తుంది, ఇంకా ఎన్ని మీటర్లు రావాలో బోర్డు చెబుతుంది, నేల మీద పసుపు గీత వచ్చేసరికి 'ఆగు' అని ఎర్రగా వెలుగుతుంది. మన డెల్టాలో చలికాలం పొద్దున్నే పొలాల మీంచి లేచే మంచులోనూ, జడివానలోనూ మిగతా యంత్రాల కళ్లు మసకబారతాయనీ, రాడార్‌కు ఆ బాధ లేదనీ వాళ్ల వాదన. దాన్ని మా ప్రాంతపు విమానాశ్రయంలో పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షల కొలతలు రాసే ట్రైనీని నేను. (తేదీలు నా డైరీలో ఉన్నాయి. ఆనాటి వాళ్లందరూ ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు గనుక ఇక్కడ ఇవ్వడం లేదు. వారాలూ, గంటలూ, నిమిషాలూ మాత్రం యథాతథంగా ఇస్తాను.)

మా పై అధికారి ఇరవై ఏడేళ్ల అమ్మాయి. సముద్రం మీద బతికే కుటుంబం, తండ్రికి ఇప్పటికీ పడవ ఉంది. ఆ యంత్రానికి ప్రాణం పోసింది ఆవిడే. దాని కోసం స్థిరమైన ఉద్యోగం వదులుకుని వచ్చింది. నేను ఆమెను 'మేడమ్' అనేవాణ్ణి, ఆమె నన్ను 'మాస్టారూ' అనేది. అక్కడ ఇంకొకాయన ఉండేవాడు, అందరూ 'బ్యాట్ల బాబాయ్' అనే మనిషి. విమానం ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లో రెండు రంగు బ్యాట్లు ఊపుతూ దాన్ని నడిపించుకొచ్చి, చివర రెంటినీ తల మీద అడ్డంగా కలిపి ఆపడం ఆయన వృత్తి. మా యంత్రం నెగ్గితే ఆ చోట ఆయన పని ఏమవుతుందో ఎవరూ ఆయనతో అనలేదు. ఆయనా అడగలేదు. అడగవలసిందంతా వేళాకోళంగా అడిగేవాడు. "ఏం మాస్టారూ, మీ డబ్బాకి జలుబు చేస్తే ఎవరు తుమ్ముతారండీ, మీరా, మేడమా?" అనేవాడు. "బాబాయ్, మీ బ్యాట్లకి సెంటీమీటర్లు తెలుసా?" అని నేను. "తెలీదండీ. అవి తెలీకుండానే ఇన్నాళ్లూ ఆపేశాను" అని ఆయన.

యంత్రం పనిచేయాలంటే దానికి ముందుగా ఒక అంకె ఇవ్వాలి. స్తంభం నుంచి పసుపు గీత ఎంత దూరమన్నదే ఆ అంకె. అది కొలవడం నా వంతు. పరీక్షకు తొమ్మిది రోజుల ముందు, మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచాను. స్తంభం చేసి నిలబెట్టింది ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు ఉన్న మా బావమరిది. పని అప్పజెప్పడానికి అతను అక్కడే ఉన్నాడు కాబట్టి టేపు ఒక కొస అతనికి ఇచ్చాను. టేపు కొత్తది, ఇందుకోసమే నేను వన్‌టౌన్‌లో స్వయంగా కొని తెచ్చింది. అతను స్తంభం దగ్గర కూర్చుని "పట్టాను బావగారూ!" అని అరిచాడు, నేను గీత మీద వంగి చదివాను. ఇరవై ఐదు మీటర్ల అరవై సెంటీమీటర్లు. ఒకసారి కొలిస్తే నమ్మే రకం కాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే అంకె, సెంటీమీటరు తేడా లేకుండా! ఆ సంతోషంలో పుస్తకంలో దాని కింద రెండు గీతలు గీశాను. (ఒక్క గీత చాలు. రెండోది అహంకారం.)

శనివారం జీపు ముందు రేకు పలక కట్టి యంత్రం ముందుకు నడిపించారు. 'ఆగు' అని ఎర్రగా వెలిగింది, జీపు ఆగింది. గీతకు సరిగ్గా ఒక మీటరు ఇవతల, గీత చేరకముందే. సోమవారం రెండుసార్లు నడిపారు. రెండుసార్లూ మీటరు ఇవతలే. విమానాశ్రయం తరఫున పరీక్ష చూస్తున్న అధికారి, మాటకు ముందొకసారి మాటకు వెనకొకసారి చేతి గడియారం చూసుకునే మనిషి, నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, గురువారం ఒక ఖాళీ విమానం ఇస్తున్నాం. పదకొండు నుంచి పన్నెండు వరకే. గీతకు అర మీటరు ఇటూ అటూ మించితే ఆ స్తంభం విప్పుకుని వెళ్లిపోవాల్సిందే. ఇక నేను పైవాళ్లకి చెప్పుకోలేను." ఆయన వెళ్లాక ఆ అమ్మాయి నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగింది. "మాస్టారూ, ఏమనుకోకండి, ఆ దూరం ఇంకోసారి కొలుద్దామా?"

ఇక్కడే నేను చేసింది చెప్పాలి. నేను పుస్తకం తెరిచి, రెండు గీతలున్న పేజీ ఆమె కళ్ల ముందు పెట్టి, "మూడుసార్లు కొలిచానండీ. ముప్పై రెండేళ్లలో నా అంకెను మళ్లీ కొలుద్దామన్నవాళ్లు లేరు" అన్నాను. పాపం, ఆమె మొహం చిన్నబోయింది. "సారీ మాస్టారూ, మీ లెక్క తప్పదు. నా ప్రోగ్రాంలోనే ఏదో ఉంది, నేనే చూసుకుంటాను" అని లాప్‌టాప్ తీసుకుని వెళ్లిపోయింది. బ్యాట్ల బాబాయ్ దూరం నుంచి చూసి, "అంత గట్టిగా చెప్పకండి మాస్టారూ, డబ్బా జడుసుకుంటుంది" అన్నాడు. నేను వినిపించుకోనట్టు నటించాను.

బుధవారం సాయంత్రం ఐదున్నరకు, స్తంభానికి బిగించాల్సిన రెండు బోల్టుల కోసం ఆటోనగర్ వెళ్లాను. మా బావమరిది లారీ తొట్టెకు రేకు కొలుస్తున్నాడు. చేతిలో ఉన్నది నేను అతని దగ్గర వదిలేసిన ఆ కొత్త టేపే. యథాలాపంగా చూశాను. టేపు కొస గాలిలో వేలాడుతోంది. అతని బొటనవేలి గోరు ఒకటో మీటరు గుర్తు మీద ఉంది.

"అదేమిటోయ్, ఒకటి దగ్గర పట్టుకున్నావు?"

"ఇంకెక్కడ పట్టాలండీ?"

"సున్నా దగ్గర!"

"మా షెడ్డులో సున్నా మిగిలిన టేపు ఏదండీ బావగారూ! వెల్డింగ్ రవ్వలు పడి మొదటి మీటరు ఎప్పుడో కాలిపోతుంది. అందుకని అందరం ఒకటి దగ్గరే పట్టుకుంటాం, చివర్లో ఒకటి తీసేసుకుంటాం. చేతికి అలవాటైపోయింది."

"ఇది కొత్త టేపు కదా!"

"టేపు కొత్తదేనండీ, చెయ్యి పాతదే కదా" అని నవ్వాడు.

"ఎయిర్‌పోర్టులో కూడా ఇలాగే పట్టుకున్నావా?"

"అబ్బే, అక్కడ ఇంకా జాగ్రత్తగా పట్టుకున్నానండీ. ఎయిర్‌పోర్టు కదా అని, సరిగ్గా ఒకటి మీద గోరు గుచ్చి మరీ. మూడుసార్లూ వెంట్రుక తేడా రానివ్వలేదు." అప్పుడు నా మొహం చూసి అనుమానంగా అడిగాడు. "మీరు తీసేసుకున్నారు కదండీ, ఆ ఒకటి?"

బోల్టులు తీసుకుని బయటపడ్డాను. సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను. అసలు దూరం ఇరవై నాలుగు మీటర్ల అరవై. నేను ఇచ్చింది ఇరవై ఐదు అరవై. పాపం, యంత్రం నేను చెప్పిన చోటే బుద్ధిగా ఆపుతోంది. తప్పు రాడార్‌లో లేదు, ప్రోగ్రాంలో లేదు, ఆ అమ్మాయిలో లేదు. జేబులో ఫోను ఉంది, దాంట్లో ఆమె నంబరు ఉంది. బెంజి సర్కిల్ దగ్గర ఒకసారి తీశాను, రామవరప్పాడు రింగు దగ్గర ఇంకోసారి తీశాను. 'మేడమ్, నా అంకె తప్పు' అన్న నాలుగు మాటలు నోట్లో పేర్చుకుని చూశాను. నాలుగో మాట రాలేదు. ఇంటికి చేరేసరికి ఒక పథకం తయారైంది. పొద్దున్నే వెళ్లి, ఎవరితోనూ అనకుండా, యంత్రంలో అంకె మార్చేస్తాను. విమానం గీత మీద ఆగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, నా పుస్తకం శుభ్రంగా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. (కొత్త ఉద్యోగిగా నా తెలివి ఆ పాటిది.)

గురువారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు, అక్కడ ఎవరూ లేని సమయం చూసి, యంత్రాన్ని నడిపే ట్యాబ్‌లో 25.60 చెరిపి 24.60 పెట్టాను. అంకె సరిగానే పడింది. తర్వాత టీ తాగాను. ఎంతో తేలికగా ఉంది.

పదకొండు గంటల పదిహేను నిమిషాలకు విమానం మలుపు తిరిగి మా వైపు వచ్చింది. ప్రయాణికులు లేరు, ఇద్దరు పైలట్లు మాత్రమే. గడియారం గారు (ఆ అధికారికి నేను మనసులో పెట్టుకున్న పేరది) కాగితాల అట్ట పట్టుకుని పక్కగా నిలబడ్డారు. బ్యాట్ల బాబాయ్ స్తంభం పక్కన, బ్యాట్లు రెండూ కిందికి దించి ఉన్నాడు. ప్రమాదమైతే తప్ప ఆయన వాటిని ఎత్తకూడదు. ఎత్తితే పైలట్ బోర్డును వదిలేసి ఆయన్నే చూస్తాడు, అప్పుడు ఆపింది యంత్రం కానట్టే లెక్క. పసుపు గీతకు అవతల ఆరడుగుల దూరంలో మెట్ల బండి సిద్ధంగా ఉంది. బోర్డు మీద ముప్పై వెలిగింది. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది. ఎంత చక్కగా దిగుతున్నాయో! నా పక్కన ఆ అమ్మాయి రెండు చేతులూ గట్టిగా ముడుచుకుని ఉంది. నేనూ కంగారు పడుతున్నాననుకుని తనే ధైర్యం చెప్పింది.

"ఏం కాదు మాస్టారూ. ఇవాళ గీత మీదే ఆగుతుంది. నిన్న సాయంత్రం ప్రోగ్రాంలో ఆ ఒక మీటరు నేను సవరించేశాను. కారణం దొరకలేదు గాని, మీ కొలత తప్పయ్యే అవకాశం లేదు కదా, అందుకని సవరణ నా వైపే పెట్టాను."

బోర్డు మీద ఇరవై రెండు.

ఒక మీటరు ఆమె తీసింది. అదే మీటరు నేనూ తీశాను. గీత దగ్గరికి వచ్చాక కూడా ఆ బోర్డు ఇంకా ఒక మీటరు రమ్మంటుంది. విమానం వస్తుంది. ముప్పై రెండేళ్లలో నేను వేసిన లెక్కలన్నిటిలో ఇంత వేగంగా తేలిన లెక్క లేదు. పంతొమ్మిది. పదిహేడు. చెబితే ఇప్పుడే, ఈ అధికారి ముందే చెప్పాలి. చెప్పకపోతే గీత దాటుతుంది, ఆమె స్తంభం విప్పుకుని వెళుతుంది, ఎందుకు దాటిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. పద్నాలుగు. పదమూడు.

"అమ్మాయ్!" అన్నాను. మేడమ్ అన్న మాట ఎక్కడికి పోయిందో తెలియదు. "ఆ మీటరు నేను కూడా తీసేశానమ్మా. పొద్దున. నా కొలతే తప్పు. నిన్ననే తెలిసింది."

ఆమె నా వైపు చూసిన చూపును నేను అంకెల్లో చెప్పలేను. "రెండుసార్లా?" అంది.

"రెండుసార్లు."

పదకొండు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి అర నిమిషం కావాలి, మాకు ఉన్నవి పది సెకన్లు. ఆమె ఆలోచించలేదు. ముందుకు రెండడుగులు వేసి, చేతులు రెండూ తల మీద అడ్డంగా కలిపి, "బాబాయ్! మీరే ఆపండి! గీత మీద!" అని విమానం హోరును మించి అరిచింది. అంటే తన పరీక్షను తానే పోగొట్టుకుంది.

బాబాయ్ బ్యాట్లు అప్పటికే సగం లేచి ఉన్నాయి. ఆయన స్తంభం ముందుకు వచ్చి, తొందర లేకుండా, రోజూ చేసే పనిలాగే చేశాడు. నాలుగు. మూడు. బోర్డు 'రండి' అంటోంది, బాబాయ్ చేతులు 'నెమ్మది' అంటున్నాయి. రెండు. బ్యాట్లు తల మీద కలిశాయి. విమానం ముక్కు కిందికి వంగి, మళ్లీ లేచి, నిలిచింది. బోర్డు మీద 'ఒకటి' అన్న అంకె పచ్చగా వెలుగుతూనే ఉంది.

గడియారం గారు గడియారం చూసుకున్నారు. "యంత్రం ఆపలేదు" అంటూ అట్ట మీద కలం పెట్టారు.

ఇక చెప్పవలసింది నేను. వెళ్లాను. కాని వట్టి చేతులతో వెళ్లడం నాకు చేతకాదు. ముందు టేపు తీసుకుని విమానం ముక్కు కింద కూర్చున్నాను. సున్నా కొసను నా గోటితోనే గీత మీద పట్టి చూశాను. బాబాయ్ ఆపింది గీతకు మూడు సెంటీమీటర్లు ఇవతల. తర్వాత ట్యాబ్‌లో రాడార్ నమోదు చూశాను. 1.03 అని ఉంది.

"అయ్యా, రాడార్ ఇంకా ఒక మీటరు మూడు సెంటీమీటర్లు ఉందంటోంది. టేపు మూడు సెంటీమీటర్లంటోంది. తేడా సరిగ్గా ఒక మీటరు, ఒక్క సెంటీమీటరు కూడా హెచ్చుతగ్గు లేదు. యంత్రం చూపు పాడైతే తేడా ఇంత గుండ్రంగా రాదు. ఆ మీటరు నాది. కొలవడంలో తప్పు చేశాను, తెలిశాక దాచిపెట్టాను, ఎవరికీ చెప్పకుండా దిద్దాను. ఆ అమ్మాయి నన్ను నమ్మి తన యంత్రాన్ని అనుమానించింది. కావాలంటే రాసి సంతకం పెడతాను."

"పెట్టండి" అన్నాడాయన.

పెట్టాను. ఆయన అదంతా చదివి, నన్నొకసారి, గడియారాన్నొకసారి చూశాడు. "పదకొండూ ఇరవై ఆరు. విమానం పన్నెండుకి ఇచ్చేయాలి. మేడమ్, ఎంతసేపట్లో సరిచేస్తారు?"

"ఐదు నిమిషాలు సార్!" అంటూనే ఆమె పరుగెత్తింది. నా అంకెను ఉంచి తన సవరణ తీసేసింది. ఈసారి ఆ అంకెను తనే కొలిచింది. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, "మాస్టారూ, వేలెక్కడుంది?" అని ఆమె అడిగింది, "సున్నా మీదండీ" అన్నాను, అయినా ఆమె నడిచి వచ్చి వంగి చూసుకుని వెళ్లింది. నాకు కోపం రాలేదు.

పదకొండు గంటల నలభై ఆరు నిమిషాలకు విమానం రెండోసారి వచ్చింది. బాబాయ్ బ్యాట్లు వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. మూడు, రెండు, ఒకటి, ఎర్రటి 'ఆగు'. నేను కళ్లు మూసుకున్నాను గనుక ఆ క్షణం గురించి ప్రత్యక్ష సాక్ష్యం ఇవ్వలేను. తర్వాత కొలిస్తే గీతకు ఐదు సెంటీమీటర్లు అవతల. గడియారం గారు అట్ట మీద ఏదో రాసి, "వచ్చే నెల వానలో చూద్దాం" అని వెళ్లిపోయారు. స్తంభం నిలిచింది. ఆ అమ్మాయి అక్కడే కాంక్రీటు మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని, కాసేపు లేవలేదు. లేచాక నన్ను తిట్టలేదు. "నిన్న ఫోన్ చేయాల్సింది మాస్టారూ" అని మాత్రం అంది. "మా నాన్న లోతు చూసే తాడుకి ముడి జారితే ముందు అరుస్తాడు, పడవలో వాళ్లందరికీ వినబడేలా. ముడి తర్వాత వేసుకుంటాడు."

బాబాయ్ టీ తెచ్చి ఇచ్చాడు. "మూడు సెంటీమీటర్లటగా నాది? మీ డబ్బాది ఐదటగా?" అన్నాడు. ఔనన్నాను. చాలాసేపు నవ్వుకున్నాడు. నేనుండబట్టలేక అడిగాను. "మేడమ్ అరవకముందే మీ బ్యాట్లు లేచాయి. ఎలా తెలిసింది?"

"విమానాన్ని చూడలేదండీ నేను. మిమ్మల్ని చూశాను. ఎప్పుడూ బోర్డు మీదుండే మీ కళ్లు నేల మీదకి పోయాయి. సరే, ఏదో మునిగిందనుకున్నా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూ వింది. నడుమ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అయిపోయాక అడిగింది.

"తప్పని మీకు తెలిసిందెప్పుడు?"

"నిన్న సాయంత్రం ఐదున్నరకి."

"ఆ పిల్లకి చెప్పిందెప్పుడు?"

"ఇవాళ పదకొండు గంటల పదిహేడు నిమిషాలకి."

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి, కళ్లు పైకెత్తి, ఒక్క క్షణం పెదవులు కదిపింది. కాగితం లేదు, కలం లేదు. "పదిహేడు గంటల నలభై ఏడు నిమిషాలు" అంది. "మీటరు సంగతి సరే, ఇదెక్కడ రాసుకుంటారు?"

మరునాడు నా పుస్తకంలో 25.60 మీద ఒక అడ్డగీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం చేశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. అడ్డగీత కొంచెం వంకరగా పోయింది. స్కేలు పెట్టి గీయవలసింది, ఎందుకో పెట్టలేదు. బస్సులో ఫోను రెండుసార్లు తీసి రెండుసార్లూ జేబులో పెట్టేసుకున్న ఆ ట్రైనీ మీద ఇప్పుడు కోపం లేదు. ఎదురుపడితే భుజం తట్టి, చెయ్యవయ్యా, ఫోన్ చెయ్యి, ఆ పిల్ల ఏమీ అనదు, అని చెప్పాలనిపిస్తుంది.